ఎనిమిదో వాడు

విద్యార్థి సంఘం వారు ఈ సంచికకు ఏదైనా రాసి పంపమని అడిగారు. పాత విద్యార్థిని కాబట్టి క్యాంపస్ జ్ఞాపకాలైతే బాగుంటుందని సూచించారు కూడాను. 1984 నుంచి 1986 వరకు నేనిక్కడ ఎం.ఏ. చదివాను. అప్పటికి మనది ఉత్త నాగార్జున విశ్వవిద్యాలయమే; పేరు ముందు 'ఆచార్య' అన్న మాట చేరింది 2004లో. ఆ రెండేళ్ళూ సాయంకాలం పూట ఆటస్థలం పక్కనుంచే నడిచేవాణ్ణి. నడిచినప్పుడల్లా ఒక మనిషి గుర్తుకొచ్చేవాడు. ఆయన ఈ ఆటస్థలం దాకా రావలసినవాడు. రాలేకపోయాడు. అందులో నా వాటా కొంత ఉంది. నలభై యేళ్ళకు పైగా ఎవరికీ చెప్పని ఆ సంగతే ఇప్పుడు రాస్తున్నాను. ఇది క్యాంపస్ జ్ఞాపకమెలా అవుతుందని సంపాదకులు తిప్పి పంపరని ఆశ.

ఇన్నేళ్ళు ఊరుకుని ఇప్పుడు రాయడానికి కారణం అమెరికా వాళ్ళ ఫుట్‌బాలు.

మా అక్కయ్య మనవడు ఒహాయో రాష్ట్రంలో ఒక చిన్న కాలేజీలో చదువుతున్నాడు. ఆ మధ్య అక్కడికి వెళ్ళినప్పుడు ఒక శనివారం నన్ను వాళ్ళ కాలేజీ ఆటకు తీసుకుపోయాడు. పేరుకు ఫుట్‌బాలే గాని కాలితో తన్నేది తక్కువ. కోడిగుడ్డు వాటంగా ఉన్న బంతిని చంకన పెట్టుకుని ఒకడు పరుగెత్తుతాడు, అవతలి పదకొండు మందీ వాణ్ణి పడదోస్తారు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. పోలేకపోతే బంతి అవతలి వాళ్ళది. చూస్తూ చూస్తూ ఉండగా నాకు మన చెడుగుడే జ్ఞాపకం వచ్చింది. ఇక్కడా అంతే గదా! ఒకడు గీత దాటాలి, మిగతావాళ్ళు దాటనివ్వకూడదు.

వాళ్ళది మూడో తరగతి విభాగంలో ఆడే కాలేజీ. అంటే ఆట బాగా ఆడుతున్నాడని ఎవడికీ ఫీజులో రాయితీ ఇవ్వకూడదట. పెద్ద కాలేజీల్లో లక్షమంది కూర్చునే స్టేడియాలున్నాయి. ఇక్కడ మాత్రం తల్లిదండ్రులు, తోటి పిల్లలు, ఊళ్ళోవాళ్ళు కొందరు. ఉత్త ఇష్టం కొద్దీ ఆడే పిల్లలు. అందుకే గావాల, ఆట తెలియకపోయినా నాకు వాళ్ళు మనవాళ్ళలాగే కనిపించారు.

రెండో సగంలో ఒక కుర్రవాడు పడ్డాడు. వెంటనే లేచి నిలబడ్డాడు, దుమ్ము దులుపుకున్నాడు, తన స్థానంలోకి పోబోయాడు. ఇంతలో గీత బయట నిలబడ్డ ఒక అమ్మాయి చెయ్యెత్తింది. ఆమె ఆ కాలేజీ ట్రెయినరు. వాణ్ణి బయటికి పిలిచి, కళ్ళలోకి చూసి, ఏవో నాలుగు ప్రశ్నలడిగి, వాడి హెల్మెట్టు తీసుకుని తన వెనక పెట్టేసుకుంది. కుర్రవాడు బతిమాలాడు. కోచ్ మాట్లాడలేదు. ఆమె కదల్లేదు.

"హెల్మెట్టు ఎందుకు లాక్కుంది?" అని అడిగాను.

"లేకపోతే వాడు ఆమె అటు తిరగ్గానే మళ్ళీ ఆటలోకి దూరిపోతాడు తాతయ్యా" అన్నాడు మావాడు.

తరువాత వాడు చెప్పాడు. 1905లో ఆ ఆటలో చావులు ఎక్కువైతే, ప్రెసిడెంటు థియొడోర్ రూజ్‌వెల్టు హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్ళని వైట్‌హౌసుకు పిలిపించి ఆటను చక్కదిద్దుకోమన్నాడట. 1906లో నిబంధనలు మార్చారు. అయినా తలకు దెబ్బ తగిలినవాణ్ణి ఆటలోంచి తీసెయ్యడానికి ప్రతి కాలేజీకీ ఒక కట్టుబాటు ఉండి తీరాలని వాళ్ళ సంఘం నిర్ణయించింది 2010లో. అంటే 'ఇక చాలు, బయటికి రా' అనే మనిషిని గీత పక్కన నిలబెట్టడానికి అంత డబ్బున్న దేశానికే వందేళ్ళు పట్టింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 1982లో మా జట్టులో గీత బయట నిలబడ్డ వాణ్ణి నేను.

మాది తెనాలి దగ్గర ఒక చిన్న డిగ్రీ కాలేజీ. పేరు చెప్పను. ఆటస్థలమంటే కాలవ పక్కన ఓ ఖాళీ చెక్క. పొద్దున బర్రెలు మేసేవి, సాయంత్రం మేం ఆడేవాళ్ళం. మా ప్రాంతంలో బాల్ బ్యాడ్మింటన్ అంటే మోజు; ఆ ఆటలో 1970లో అర్జున అవార్డు తెచ్చుకున్న జె. పిచ్చయ్య గారి పేరు ఊరూరా తెలుసు. కాని ఆ ఆటకు బ్యాట్లు కావాలి, నెట్టు కావాలి. కబడ్డీకి ఏం కావాలి? నిక్కరు, బనియను, గుప్పెడు సున్నం. మా పి.డి. గారు నవ్వుతూ అనేవారు, "మన కాలేజీ బడ్జెట్టుకి సరిపోయే ఆట ఇదొక్కటేరా" అని.

ఆటలో దిగేది ఏడుగురు. జట్టులో పన్నెండుమంది దాకా ఉండవచ్చు. మేం మొదలుపెట్టినప్పుడు పన్నెండుమందిమే. కాని మా డెల్టాలో కాలేజీ ఆటల కాలమూ, వరికోతల కాలమూ ఒకటే. నవంబరు దాటేసరికి పొలాల్లో కోతకు ముందు మినుము చల్లాలి, తరవాత కోత, కుప్ప. ఒక్కొక్కడినీ ఇంటి దగ్గర్నించి కబురొచ్చి పట్టుకుపోయారు. చివరికి మిగిలింది ఎనిమిదిమంది. ఆ ఎనిమిదోవాణ్ణి నేను.

ఎనిమిదోవాడి పని ఏమిటో ఆటలాడిన వాళ్ళకి తెలుసు. ఏడుగురి వాచీలు, చొక్కాలు, డబ్బులు కాపలా కాయాలి. నిమ్మకాయలు కొయ్యాలి. గ్లూకోజు కలపాలి. అయోడెక్సు రాయాలి. కూత పెట్టి వెళ్ళినవాడు తిరిగొచ్చేదాకా ఊపిరి బిగబట్టాలి. ఆడకుండానే అలిసిపోయే ఉద్యోగం అది.

మా కెప్టెన్ నాకంటే ఒక యేడు పెద్ద. ఫైనలియర్. రేపల్లె అవతల సముద్రం వైపు ఊరు. అన్నా అనే పిలిచేవాణ్ణి, ఇక్కడా అలాగే రాస్తాను. 1977 నవంబరు 19న వచ్చిన తుఫాను నాటికి అన్న పదో తరగతి. ఉప్పునీరు ఎక్కిన మాగాణి రెండేళ్ళు సరిగ్గా పండలేదు. ఇంటికి పెద్ద కొడుకు. చదువులో అంతంతమాత్రం. కాని కూతకు వెళితే చూడాలి! ఇప్పటిలా ముప్పై సెకన్ల లెక్క కాదు అప్పుడు. ఊపిరి ఎంతసేపు ఆగితే అంతసేపు. అవతలి కోర్టులో తాపీగా పొలంగట్టు మీద నడిచినట్టు నడిచేవాడు. ఎవడి కాలు ఒక అంగుళం ముందుకొచ్చినా తాకి, పక్షిలా తిరిగొచ్చేవాడు.

ఆ యేడు అన్నకి ఒక్కటే ఆశ. అంతర కళాశాలల పోటీల్లో మంచిగా ఆడితే విశ్వవిద్యాలయం జట్టులోకి తీసుకుంటారు. విశ్వవిద్యాలయం జట్టులో ఆడిన సర్టిఫికెట్టుంటే క్రీడాకారుల కోటాలో రైల్వేలోనో, పోలీసులోనో ఉద్యోగం దొరుకుతుంది. "ఆ కాగితం ఒక్కటి వస్తే చాలురా, మా చెల్లి పెళ్ళి అయిపోయినట్టే" అనేవాడు. ఆట గురించి మాట్లాడుతున్నప్పుడు కూడా అన్న కళ్ళల్లో ఆ కాగితమే కనపడేది.

రోజులు కూడా అలాంటివే. ఢిల్లీలో ఏషియాడ్ జరుగుతోంది. కబడ్డీని అక్కడ ప్రదర్శన క్రీడగా ఆడిస్తున్నారని పేపర్లో చదివి, మన చెడుగుడికి ఇన్నాళ్ళకి మంచిరోజులొచ్చాయని మురిసిపోయాం. ఇక ఇక్కడ జనవరిలో ఎన్నికలు. కొత్తగా పెట్టిన తెలుగుదేశం గురించి ప్రతి టీకొట్టులోనూ వాదనలే. దేశంలో ఏదో మారబోతోందని అందరికీ అనిపించిన శీతాకాలం. మా ఎనిమిదిమందికీ కూడా.

మొదట తెనాలిలో ఒక స్నేహపూర్వకమైన ఆట. మాకంటే నాలుగింతలు పెద్ద కాలేజీ మీద. ఓడిపోతామనుకున్నాం. అన్న ఒక్కడే ఎనిమిది పాయింట్లు తెచ్చాడు. గెలిచాం. ఆ సాయంత్రం పి.డి. గారు సొంత డబ్బుతో అందరికీ మినపట్లు పెట్టించారు. ఆడని నాకు రెండు పెట్టించారు. "వీడు అరిచిన అరుపులకి ఒకటి ఎక్కువ" అన్నారు.

నవంబరు ఆఖర్లో రేపల్లెలో ఒక చిన్న టోర్నమెంటు. తెనాలి నుంచి రేపల్లె బ్రాంచి లైను ప్యాసింజరులో పోయాం. వేమూరు, భట్టిప్రోలు, పల్లికోన... దారి పొడుగునా రెండు వైపులా పండిన వరి. మా వాళ్ళలో ఇద్దరు కిటికీలోంచి పొలాలు చూస్తూ, "మన చేను ఈపాటికి కోసుంటారు" అని దిగులుపడ్డారు. అన్నకి అది సొంత గడ్డ. వాళ్ళ ఊరి నుంచి సైకిళ్ళ మీద పాతికమంది దాకా వచ్చారు. వాళ్ళ నాన్న కూడా తలపాగాతో వచ్చి కోర్టు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

ఆఖరి ఆటలో, రెండో సగంలో జరిగింది. అన్న ఇద్దర్ని తాకి వెనక్కి తిరిగాడు. ఒకడు చీలమండ పట్టాడు. అన్న ఈడ్చుకుంటూ మధ్యగీత వైపు పడ్డాడు. పక్కనుంచి ఇంకొకడు బరువుగా వచ్చి మోకాలి మీద పడ్డాడు. అన్న చెయ్యి చాపి గీత అందుకున్నాడు. రెండు పాయింట్లు. జనం ఈలలు, గోల. నేను గీతకి దగ్గరగా ఉన్నాను. అంత గోలలోనూ నాకు ఒక చప్పుడు వినపడింది. ఎండు చెరుకుగడ విరిచినట్టు 'టప్' మని.

అన్న లేచాడు. కాలు విదిలించాడు. వాళ్ళ నాన్న వైపు చూసి నవ్వాడు. మిగిలిన ఆటలో మళ్ళీ కూతకు వెళ్ళలేదు, కుర్రాళ్ళని పంపాడు. ఎలాగో గెలిచాం. ఇత్తడి కప్పు ఇచ్చారు. అందరూ కప్పు చుట్టూ ఉంటే, తిరుగు రైల్లో అన్న నన్ను తలుపు దగ్గరికి పిలిచాడు. ప్యాంటు పైకి మడిచాడు. మోకాలు బూరెలా పొంగి ఉంది.

"ఎవరికీ చెప్పమాక" అన్నాడు.

"పి.డి. గారికైనా..."

"ఆయనకి అసలు చెప్పమాక. చెబితే బాపట్లలో ఆడనివ్వడు. పది రోజులుంది గదా, తగ్గిపోద్ది."

ఆ పది రోజులూ నేనే వైద్యుణ్ణి. ఉప్పు కాపడం, పసుపు పట్టు, అయోడెక్సు, గుడ్డకట్టు. వాపు తీసింది. మోకాలిలోపల లిగమెంటు తెగితే జరిగేది అదేనట. వాపు పోతుంది, నొప్పి తగ్గుతుంది, తిన్నగా నడవొచ్చు కూడా. మనిషి తగ్గిపోయిందనుకుంటాడు. పక్కకి తిరిగినప్పుడు మాత్రం కాలు తనది కాకుండా పోతుంది. ఈ విషయం నాకు తెలిసింది చాలా యేళ్ళకు, ఒక ఎముకల డాక్టరు గారు చెబితే. కాని సూచన మాత్రం నాకు అప్పుడే కనపడింది. ఒకరోజు కాలేజీ మెట్లు దిగుతూ అన్న వెనక్కి తిరిగి ఎవరితోనో మాట్లాడబోయాడు. కాలు పక్కకి జారింది. స్తంభం పట్టుకున్నాడు. చుట్టూ చూశాడు. నన్ను చూశాడు. చూపుతోనే మళ్ళీ చెప్పాడు, చెప్పమాక అని.

బాపట్ల పోటీలకు రెండు రోజుల ముందు పి.డి. గారు నన్ను తన గదికి పిలిచారు. టి.ఎ. కాగితాల మీద సంతకాలు చేయిస్తూ, తలెత్తకుండానే అడిగారు:

"ఏరా, మీ అన్న ప్రాక్టీసుకి రెండురోజులు రాలేదు. జ్వరమన్నాడు. కాలేమన్నా పట్టేసిందా?"

ఆ ప్రశ్న ఇవాళ్టికీ నా చెవుల్లో ఉంది. ఆయన నేరుగా అడిగారు. అవునంటే చాలు.

"లేదండీ. జ్వరమే" అన్నాను.

ఎందుకలా అన్నాను? చాలాకాలం నాకు నేను చెప్పుకున్న జవాబు ఇదీ: నేను ఎనిమిదోవాణ్ణి. అన్న ఆడకపోతే ఆడేది నేనే. నేను నోరు విప్పితే అది నిజం చెప్పినట్టుండదు, అన్నని తప్పించి తన చోటు సంపాదించుకున్నాడనే అంటారు. కాబట్టి స్నేహం కోసం, మాట కోసం ఊరుకున్నాను. వినడానికి బాగానే ఉంది గదా! ఇందులో అబద్ధం కూడా లేదు. లాభపడేవాడి నోట నిజం కూడా ఎత్తుగడలాగే వినపడుతుంది.

కాని అది సగమే. మిగతా సగం ఈ వయసులో దాచుకోవడమెందుకు? నాకు భయం. మూడేళ్ళలో ఎప్పుడూ పెద్ద ఆటలో దిగనివాణ్ణి. అన్న చోట నేను దిగి ఓడిపోతే, ఆ ఓటమి నా పేరు మీద ఉండిపోతుంది. అన్న కాలు ఎలాగున్నా సరే అన్నే ఆడితే, గెలిచినా ఓడినా నాకేం సంబంధం లేదు. నా భయానికి నేను స్నేహమని పేరు పెట్టుకున్నాను. పద్దెనిమిదేళ్ళవాడు చేసిన పనికి ఇప్పుడు శిక్ష వేసుకోవడం లేదు. పేరు మాత్రం సరిగ్గా పెట్టాలనుకుంటున్నాను.

డిసెంబరు రెండో వారంలో బాపట్ల. చుండూరు, నిడుబ్రోలు, అప్పికట్ల మీదుగా తెల్లవారుజాము రైల్లో పోయాం. చలి. మా ఏడుగురూ పాటలు. అన్న మాత్రం కిటికీ పక్కన కాలు చాపుకుని కూర్చున్నాడు. స్టేషన్లో దిగాక భావనారాయణస్వామి గుడికి పోయి దణ్ణం పెట్టుకొద్దామన్నాడు. పోయాం. గుడిలో ప్రదక్షిణం చేస్తున్నప్పుడు అన్న గోడ వైపు నడిచాడు. అవసరమైతే పట్టుకోవడానికని నాకొక్కడికే తెలుసు. సాయంత్రం గెలిచాక సూర్యలంక పోయి సముద్రంలో మునగాలని మిగతావాళ్ళ పథకం.

పొద్దుట ఆట గెలిచాం. అన్న నాలుగుసార్లే కూతకు పోయాడు, నాలుగుసార్లూ తిన్నగా పోయి తిన్నగా వచ్చాడు. పక్కకి తిరగలేదు. చూసేవాళ్ళకి అది కొత్త ఎత్తులా అనిపించింది. విశ్వవిద్యాలయం జట్టుని ఎంపిక చేసే పెద్దలు కుర్చీల్లో కూర్చుని ఏదో రాసుకున్నారు. అన్న వాళ్ళ కలం వైపే చూశాడు.

మధ్యాహ్నం సెమీఫైనలు. మొదటి ఇరవై నిమిషాలకి మేం అయిదు పాయింట్లు ముందున్నాం. అయిదు నిమిషాల విరామంలో నేను నిమ్మకాయ ఇస్తే అన్న తీసుకోలేదు. నా భుజం మీద చెయ్యేసి లేచాడు. ఆ బరువు మామూలు బరువు కాదు. అప్పుడైనా చెప్పొచ్చు. పి.డి. గారు మూడడుగుల దూరంలో ఉన్నారు. చెప్పలేదు.

రెండో సగం మొదలైన కాసేపటికి అన్న కూత పెట్టి వెళ్ళాడు. కుడి మూల కుర్రాణ్ణి కవ్వించి, ఎడమవైపుకి ఒక్కసారి తిరిగాడు. తన అలవాటైన తిరుగుడే. కాలు తిరగలేదు. మనిషి మాత్రం తిరిగాడు. ఎవరూ తాకలేదు. ఎవరూ పట్టలేదు. ఉత్తపుణ్యానికి, ఖాళీ కోర్టులో, నరికిన చెట్టులా పడిపోయాడు. కబడ్డీ కబడ్డీ అంటున్న గొంతు మధ్యలో తెగింది. గీతకీ ఆయన చేతికీ మధ్య జానెడు దూరం. ఎవరూ మీద పడలేదు. అన్నని ముందుగా ఎత్తింది అవతలి జట్టు కెప్టెనే. అతనెవరో, ఇప్పుడెక్కడున్నాడో తెలియదు గాని, ఆ దృశ్యానికి ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

ఆట ఆపారు. రిఫరీ అనుమతి అడిగి పి.డి. గారు నా వైపు చూశారు. "దిగరా" అన్నారు. ఏడుగురి వాచీలు నా జేబుల్లోనే ఉన్నాయి. వాటిని తీసి అన్న పక్కన నేలమీద పెట్టాను. అన్న నొప్పితో పళ్ళు బిగించి కూడా, "కుడి మూలవాడు తొందరపడతాడు, చూసుకో" అన్నాడు.

నేను ఆడింది పదిహేను నిమిషాలుంటుందేమో. మూడుసార్లు కూతకు పోయాను. ఒకసారి కుడి మూలవాణ్ణి తాకొచ్చాను. రెండుసార్లు దొరికిపోయాను. మూడు పాయింట్ల తేడాతో ఓడాం. ఎవరూ నన్నేమీ అనలేదు. నేను భయపడ్డదేదీ జరగలేదు. ఓటమి ఎవరి పేరు మీదా రాయరని అప్పుడు తెలిసింది. దానికోసమా నేను పది రోజులు నోరు కుట్టేసుకుంది!

అన్నని రిక్షాలో ఆస్పత్రికి తీసుకుపోయాం. పిండికట్టు వేశారు. తరవాత ఇంకెక్కడెక్కడో కట్టు కట్టించుకున్నాడు. ఇవాళ చిన్న రంధ్రాలు చేసి లోపల లిగమెంటు కొత్తది వేస్తున్నారు. ఆరునెలలో, యేడాదో తిరిగేసరికి మళ్ళీ ఆడుతున్నారు. ఆనాడు మా బోటి ఇళ్ళలో అటువంటి ఆపరేషన్ ఒకటుందని కూడా తెలియదు. విశ్వవిద్యాలయం జట్టుకి ఆ యేడు మా వాళ్ళలో ఒకణ్ణి తీసుకున్నారు: మా ఎడమ మూల ఆడిన ఫస్టియర్ కుర్రాణ్ణి. ఆ వార్త వచ్చినప్పుడు అన్న మంచం మీద ఉన్నాడు. తన ఎర్ర బనియను వాడికిచ్చి పంపాడు. సూర్యలంక ఎవరూ పోలేదు.

ఆ తరవాత నేను ఇక్కడికి ఎం.ఏ.కి వచ్చాను, ఉద్యోగం, సంసారం. అన్న ఊళ్ళోనే ఉండిపోయాడు. వ్యవసాయం, ఎరువుల కొట్టు. చెల్లెలి పెళ్ళి ఆలస్యమైనా బాగానే చేశాడు. కుడికాలు కొంచెం ఎత్తి వేస్తాడు. కబడ్డీ మాత్రం ఆయన్నీ నన్నూ వదిలి చాలా దూరం పోయింది. 1990లో బీజింగ్ ఏషియాడ్‌లో పతకాల ఆట అయింది, మన దేశం బంగారం తెచ్చింది. 2014 నుంచి టీవీలో ప్రో కబడ్డీ. మట్టి పోయి మ్యాటు వచ్చింది. లక్షలు పెట్టి ఆటగాళ్ళని కొంటున్నారు. గీత పక్కన డాక్టర్లు కూర్చుంటున్నారు.

అమెరికా నుంచి వచ్చిన తరవాత సంక్రాంతికి నేను అన్న దగ్గరికి పోయాను. ఇప్పుడు రేపల్లె, బాపట్ల కొత్త జిల్లాలోకి పోయాయి, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. 2022 ఏప్రిల్ నుంచి మేం ఇద్దరం రెండు జిల్లాల వాళ్ళం. ఊరి చివర పిల్లలకి కబడ్డీ నేర్పుతున్నాడు అన్న. పక్కన నులకమంచం మీద కూర్చుని, ఆ హెల్మెట్టు లాక్కున్న అమ్మాయి సంగతి చెప్పాను. తరవాత పి.డి. గారి గదిలో నేనన్న మాట చెప్పాను. ఆయన అడిగిన సంగతి అన్నకి అప్పటిదాకా తెలియదు.

చాలాసేపు మాట్లాడలేదు. పిల్లల ఆట చూస్తూ కూర్చున్నాడు. తరవాత అన్నాడు:

"చెప్పాల్సిందిరా. నేను చెప్పొద్దంటే మాత్రం చెప్పకుండా ఉంటావా?"

కోపంగా కాదు. కాని పోనీలే అని కూడా అనలేదు. నేను దానికోసమే వచ్చాను గావాల; ఇవ్వలేదు. ఒక రకంగా అదే మేలయింది. అబద్ధంగా క్షమిస్తే ఇంకో నలభై యేళ్ళు మోయాల్సొచ్చేది.

కాసేపాగి తనే మళ్ళీ అన్నాడు, "నువ్వు చెప్పుంటే ఆ రోజు నిన్ను కొట్టేవాణ్ణి. మళ్ళీ జన్మలో మాట్లాడేవాణ్ణి కాదు. అదీ నిజమే."

ఇంతలో ఆటలో ఒక కుర్రాడు పడ్డాడు. గీత బయట నిలబడ్డ సన్నపాటి పిల్లవాడొకడు చెయ్యెత్తి ఈల ఊదాడు. ఆట ఆగిపోయింది. పడ్డవాడు ఏమీ లేదని గొణుగుతూనే బయటికొచ్చాడు. కాని వాడి బదులు దిగింది ఆ ఈల ఊదినవాడు కాదు. పక్కన కూర్చున్న ఇంకొకడు.

అన్న నా వైపు చూడకుండానే చెప్పాడు. "మా దగ్గర కూతలు రాకముందే ఈ కట్టుబాటు నేర్పుతా. ఎనిమిదోవాడు ఆడటానికి. తొమ్మిదోవాడు చూడటానికి. తొమ్మిదోవాడు ఆపమంటే ఆపాల్సిందే, నేనైనా సరే. వాడు మాత్రం ఆ పూట దిగకూడదు. దిగే ఆశ లేనివాడికి చెప్పే భయం ఉండదు. రేపు ఇంకొకడు తొమ్మిదోవాడు. అందరికీ వంతు వస్తది."

అంటే నేను చెప్పకపోయినా అన్న ఎప్పుడో తెలుసుకున్నాడన్నమాట! నా తప్పు కాదు ఆయన వెతికింది, తప్పు ఎక్కడ దూరిందీ అని. మేం పన్నెండుమందిలోంచి ఎనిమిదికి వచ్చినప్పుడు లెక్కలో ఒక మనిషి తక్కువ పడ్డాడు. ఆ మనిషి ఆటగాడు కాదు.

ఈ సంచిక చదివే విద్యార్థి సోదరుల్లో, సోదరీమణుల్లో ఆటగాళ్ళుంటారు. ఎక్కువమంది నాలాగ గీత బయట నిలబడేవాళ్ళు ఉంటారు. మీ జట్టు ఈసారి ఊరు దాటి పోతున్నప్పుడు నిమ్మకాయలు, గ్లూకోజు, గుడ్డకట్టు సర్దుకోండి. వాటితో పాటు ఇంకొక మనిషికి కూడా టిక్కెట్టు తియ్యండి. పి.డి. గార్లు బడ్జెట్టు లేదంటే, పాత విద్యార్థుల్లో ఒకడిగా ఆ టిక్కెట్టు డబ్బు నేను పంపుతాను. సంఘం కార్యాలయానికి ఒక ఉత్తరం రాస్తే చాలు.